అప్పగింతల పాట పుట్టిన ఊరు

ఈస్ట్ హామ్

లండన్ వెళ్ళొచ్చిన వాళ్ళంతా రాజుగారి కోట గురించీ, పెద్ద గడియారం గురించీ రాస్తారు. ఆ రెండూ నేను బస్సులోంచే చూశాను. వాటి గురించి కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను చెప్పబోయేది ఇంగ్లండు ఉత్తరాన, వాన తప్ప వేరే కాలక్షేపం లేని ఒక చిన్న ఊరి సంగతి. మా చెల్లెలి కూతురి పెళ్ళి కోసం ఆ ఊరు వెళ్ళాను. పెళ్ళి మాత్రం అక్కడ కాదు, లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో. ఇదేం తిరకాసు అంటారేమో, మొదట్నుంచీ చెప్తాను.

మాది తెనాలి. హైస్కూల్లో పిల్లలకి సాంఘిక శాస్త్రం చెప్పి చెప్పి, గొంతు బొంగురు పోయాక రిటైరయ్యాను. మా నాన్న పెళ్ళి బ్యాండులో క్లారినెట్టు వాయించేవాడు. ఊరేగింపులో అందరిలాగే సినిమా పాటలే వాయించినా, ఆయనకి పేరు తెచ్చింది అప్పగింతల పాట. పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి, ఆ తడి చేతులు అత్తమామల చేతుల్లో పెట్టే వేళ నాన్న ఒక దొరల పాట ఎత్తుకునేవాడు. దానికి పేరు లేదు, మాటలు లేవు. అందరూ 'ఇంగ్లీషు పాట' అనేవాళ్ళు. కట్నాల దగ్గర రాయిలా కూర్చున్న వియ్యంకులు కూడా ఆ పాటకి కండువాతో కళ్ళొత్తుకునేవాళ్ళట.

'అట' అంటున్నానంటే నేను వినలేదని అర్థం. పెళ్ళికాని ఆడపిల్ల ఆ పాట వింటే ఆయుష్షు తరుగుతుందని మా నాయనమ్మ భయం. అందుకని నాన్న దాన్ని ఇంట్లో వాయించడానికి వీల్లేదు. పెళ్ళిళ్ళలో ఆ ఘడియ రాగానే నాయనమ్మ మా అక్కచెల్లెళ్ళిద్దరినీ భోజనాల పందిట్లోకి తోలేది. లడ్డూలు తింటూ దూరం నుంచి వినబడిన ముక్క వినడమే.

నేను దగ్గరుండి విన్నది ఒక్కసారే, నా పెళ్ళిలో. అమ్మా, బాబాయీ నా చేతులు పాలలో ముంచుతుంటే నాన్న పీటల మీంచి లేచి, తన క్లారినెట్టు తను అందుకున్నాడు. మొదటి సగం వాయించాడు. రెండో సగంలోకి ఎక్కుతూ, మెట్టు మీద కాలు పెట్టినట్టు నాలుగు స్వరాలు పలికించాడు. అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ ఊదబోతే గాలి తప్ప పాట రాలేదు. భోజనాల పందిట్లోంచి తప్పించుకొచ్చి నాన్న పంచె పట్టుకుని నిలబడ్డ మా చెల్లెలు పద్మ, అప్పుడు చిన్నపిల్ల, ఆయన మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. పద్మ పెళ్ళీడుకొచ్చేసరికి నాన్న లేడు. దాని అప్పగింతలకి ఎవరో టేపురికార్డరు పెట్టారు. బ్యాండులోని మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తెనాలిలో ఎంతమందిని అడిగినా ఆ రెండో సగం తెలిసినవాళ్ళు దొరకలేదు.

ఇప్పుడు పద్మ కూతురు సింధు పెళ్ళి. నాకు ఒక్కటే కోరిక. పద్మకి దక్కని పాట దాని కూతురి పెళ్ళిలోనైనా మొత్తం వినిపించాలని.

పద్మకి ఆ కోరిక సుతరామూ నచ్చలేదు. "ఏడుపు పాటలెందుకక్కా? పిల్ల కాపురం లండన్లోనే, హేస్‌లో. మా ఈస్ట్ హామ్ నుంచి గంటలో పోయి చూసొస్తా. నవ్వుతా పంపిద్దాం. డీజేకి కూడా చెప్పేశా," అంది. పెళ్ళికూతురి తల్లి హోదాలో ఉంది గనక నేను నోరు మూసుకున్నాను.

మూసుకున్న నోరు ఈస్ట్ హామ్ స్టేషన్ ముందు తెరుచుకుంది. సింధూ నేనూ గాజులూ, తమలపాకులూ కొనుక్కుని వస్తున్నాం. ఆ తమలపాకుల ధర చెప్తే మీరు తాంబూలం మానేస్తారు, చెప్పను. స్టేషన్ గోడకి ఆనుకుని ఒక తెల్ల ముసలాయన క్లారినెట్టు వాయిస్తున్నాడు. వాయిస్తున్నది మా నాన్న పాట. కాస్త వేగంగా ఉంది గానీ, అదే.

"పెద్దమ్మా, వాట్ హాపెన్డ్? ఆర్ యూ ఓకే?" అని సింధు నా భుజం పట్టుకుంది. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. మన తెలుగు అంతా అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులోనే.

మొదటి సగం అయ్యాక ముసలాయన మళ్ళీ మొదటికే వచ్చాడు. రెండో సగం వాయించమని సింధు చేత అడిగించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇది అమెరికాలో పాతకాలం నాటి పాటట. రాసినవాడు పుట్టింది మాత్రం ఇంగ్లండులోనే, ఉత్తరాది మిల్లుల ఊళ్ళోనట. అక్కడ ఆయన వస్తువులు ఒక గదిలో పెట్టారట. "ఆ రెండో సగం, కోరస్, నేను వాయించను. ఎందుకో ఆ ఊరివాళ్ళే చెప్తారు," అన్నాడు. ఆ రాత్రి సింధు ఫోన్లో ఎంత వెతికినా, దొరికిన ప్రతి రికార్డూ ఆ సగం దగ్గరే ఆగిపోయింది. పెళ్ళి ఇంకా వారం రోజులుంది. నేను వెళ్తానన్నాను.

యూస్టన్ నుంచి ఉత్తరానికి

యూస్టన్ స్టేషన్లో రైలెక్కగానే పద్మకి ఫోన్ చేశాను. పసుపు దంచే రోలు దొరకలేదని అది, మిక్సీలో వెయ్యమని నేను, బ్లేడు పోతుందని అది. పెట్టెలో ఉన్నవాళ్ళంతా కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. ఇంగ్లీషువాళ్ళు కోపమొస్తే ఇలా దృశ్యాలు చూస్తారని నాకప్పటికి తెలీదు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన చివరికి వేలుతో అద్దం మీది బొమ్మ చూపించాడు. అది మాట్లాడకూడని పెట్టెట. మన దగ్గర రైల్లో మాట్లాడకపోతే జబ్బు చేసిందేమో అని అడుగుతారు. ఇక్కడ మౌనానికి ఒక పెట్టె కట్టి, మళ్ళీ దానికి గిరాకీ కూడా ఉంది.

ప్రాయశ్చిత్తంగా నా పులిహోర డబ్బా తెరిచి ఆయనకి పెట్టాను. వద్దు వద్దంటూనే తీసుకున్నాడు. ఎండుమిరపకాయ పంటికింద పడ్డాక కూడా ఆ మనిషి నిశ్శబ్దం పాటించాడు. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు. దిగేటప్పుడు నా సంచీ కిందికి దించిపెట్టి, చాలా బాగుందని చెప్పి వెళ్ళాడు.

మాంచెస్టర్‌లో చిన్న రైలుకి మారాను. కొండలు, గొర్రెలు, పొగ రాని పాత మిల్లు గొట్టాలు. టిక్కెట్టు చూసేవాడు నన్ను "లవ్" అన్నాడు. ఉలిక్కిపడ్డాను. నాకు అరవై దాటాయి, వాడికి పాతికేళ్ళుంటాయి. తరవాత చూస్తే వాడు పక్కనున్న ముసలమ్మనీ అలాగే పిలిచాడు. ఈ ప్రాంతంలో అది మన 'అమ్మా' లాంటిదట. ఊళ్ళో దిగేసరికి నాకూ అలవాటైపోయింది.

మిల్లుల ఊరు

ఊరి పేరు నేను పలికిన తీరుకి అక్కడివాళ్ళే గుర్తుపట్టలేదు, అందుకని రాయడం లేదు. ఒకే వీధి, నల్లబడిన రాతి ఇళ్ళు, సన్నటి వాన. నేను దిగిన బసలో యజమానురాలు బ్రెండా. పొద్దున్నే తియ్యటి టమాటా పులుసులో ఉడికిన చిక్కుడు గింజలు పెట్టింది. అది టిఫినట. గుడ్లు తింటావా, పంది మాంసం తింటావా అని అడిగి, రెండిటికీ కాదనేసరికి నా మీద జాలిపడి ఇంకో గరిటె గింజలు వేసింది. సాయంత్రం బంగాళాదుంప వేపుళ్ళ మీద గోధుమరంగు పులుసు పోసి ఇచ్చే దుకాణానికి తీసుకెళ్ళింది. మాంసం పులుసేమో అని అడిగితే, అసలు మాంసాన్ని అది చూసి ఉండదు లెమ్మంది. పచ్చిమిరపకాయ నంజుకుంటే అద్భుతంగా ఉండేది.

పాటలాయన గది లైబ్రరీ మేడ మీద ఉంది. తీరా వెళ్తే తలుపుకి తాళం. కౌన్సిల్ దగ్గర డబ్బుల్లేక వారానికి ఒక్కపూటే తెరుస్తున్నారట. ఆ పూట పెళ్ళి అయ్యాక వస్తుంది. మెట్ల మీద కూలబడ్డాను. ఇంత దూరమొచ్చి తాళంకప్ప చూసి వెళ్ళడానికా అని ఏడుపొచ్చింది, కొంచెం ఏడ్చాను కూడా. దారి చూపడానికి వెంట వచ్చిన బ్రెండా కంగారుపడి ఎవరికో ఫోన్ చేసింది. కాసేపటికి గొడుగు కింద ఒక పొడవాటి నల్లావిడ వచ్చింది. డెబ్బై పైనే ఉంటాయి. పేరు గ్లోరియా. హాస్పిటల్లో నర్సుగా చేసి రిటైరైందట, ఈ ఊరి పాటల బృందాన్ని నడిపేది ఆవిడే, ఆ గది తాళాలు ఉండేదీ ఆవిడ దగ్గరే. పేరు పెట్టి పిలవమంది. నాకంటే పెద్దదాన్ని అలా పిలవడానికి నోరు రాక 'గ్లోరియా గారూ' అన్నాను. ఆవిడేమీ అభ్యంతరం చెప్పలేదు.

నెడ్ గది

గదిలో ఒక పియానో, ఒక అద్దాల బీరువా, గోడకి ఒక ఫొటో. బుగ్గలు పీక్కుపోయిన మనిషి, వంకర టై. ఊళ్ళో అందరూ ఆయన్ని నెడ్ అనే అంటారు, పక్కింటి కుర్రాడి సంగతి చెప్తున్నట్టు.

నేతగాడి కొడుకు. చర్చిలో పాడుతూ, పరాయివాళ్ళ పియానో మీద దొంగచాటుగా నేర్చుకున్నాడు. మీసాలు రాకముందే అమెరికా పడవెక్కాడు. అక్కడ అతను కట్టిన పాటలు ఇంటింటా పాడుకున్నారు. వాటి హక్కులు మాత్రం అతనివి కావు, అచ్చువేసిన వాళ్ళవి. పాట ఒక్కసారి అమ్మేశాక అది ఎన్ని వేల ఇళ్ళలో మోగినా అతనికి చిల్లిగవ్వ రాదు. తాగుడు పట్టుకుంది. పెళ్ళాం వదిలేసింది. ఎక్కడో అద్దెగదిలో జ్వరంతో పోయాడు. చదువురాని తల్లి ఈ ఊళ్ళోనే ఉండి, వీధిలో ఎవరైనా ఆ పాటలు పాడుకుంటూ వెళ్తే తలుపు తీసి నిలబడేదట. నాకు ఆ మనిషి మీద చెప్పలేనంత జాలేసింది. మా నాన్న బ్యాండులో ఇలాంటివాళ్ళు ఇద్దరుండేవారు.

"ఆ రెండో సగం ఒక్కసారి వాయిస్తారా?" అని అడిగాను.

గ్లోరియా గారు నా మొహంలోకి చూసింది. "ఎందుకు?" అంది.

చెప్పాను. నాన్న, పాలు, అప్పగింతలు, పద్మ, అన్నీ నాకొచ్చిన బడి ఇంగ్లీషులో. ఆవిడ ఓపిగ్గా విని, బీరువాలోంచి అచ్చుకాగితం తీసి పియానో మీద పెట్టింది. "ముందు ఇది చూడాలి మీరు," అంది.

ముఖపత్రం మీద బొమ్మ. ముఖానికి మసి పూసుకుని, పెదాలకి రంగేసుకుని, పళ్ళికిలిస్తూ గంతులేస్తున్న తెల్లవాడు. ఆ రోజుల్లో అమెరికాలో తెల్లవాళ్ళు ఇలా నల్లవాళ్ళని వెక్కిరిస్తూ ఆడే ఆటలకి జనం విరగబడేవారట. నెడ్ పాట ఆ ఆట కోసం కట్టినదే. మొదటి సగంలో బానిస తల్లి కూతుర్ని ఒక యజమాని వేరే ఊరివాడికి అమ్మేస్తాడు. పిల్లని పడవెక్కిస్తారు. రెండో సగంలో తల్లి గట్టు మీద నిలబడి కేకలేస్తుంది. ఆ కేకలు వంకర మాటల్లో, కోతి చేష్టల్లా రాశాడు. అక్కడ ఆటగాడు ఆడవేషంలో గౌను వేసుకుని ఎగురుతాడు, జనం పగలబడి నవ్వుతారు.

"మేం పాడటం మానేసి చాలా ఏళ్ళయింది," అంది ఆవిడ. "మానేద్దామన్నది నేనే. కొందరు నాతో మాట్లాడటం మానేశారు. నెడ్ బానిసలు పనిచేసే తోటని గానీ, ఒక్క బానిసని గానీ అప్పటికి చూడలేదు. ఆకలేసి రాశాడు. అది నాకు తెలుసు. అయినా రాశాడు."

తరవాత వాయించింది. అచ్చులో ఉన్నట్టు, గంతులేసే నడకలో. ఇది మా నాన్న పాట కాదు. బజారులో కోతినాడించేవాడి డోలులా ఉంది. దీని కోసమా వచ్చింది?

అప్పుడు నాన్న చెప్పే కబురొకటి గుర్తొచ్చింది. ఆయన గురువు ఈ పాటని ఒక రైసుమిల్లు ఆసామి ఇంటి అరుగు మీద కూర్చుని, లోపలి గ్రామఫోను విని నేర్చుకున్నాడట. ఆ పెట్టె స్ప్రింగు వదులైపోయి, ప్లేటు ఈడ్చుకుంటూ తిరిగేదట. ఇంగ్లీషు రాని ఆ మనిషికి అందులో మాటలేమిటో తెలీదు. అసలు వేగమెంతో తెలీదు. పాట అంటే ఇంతే కాబోలు అనుకుని అలాగే నేర్చుకుని, అప్పగింతలకి పనికొస్తుందని శిష్యులకి ఇచ్చాడు.

"నెమ్మదిగా వాయించండి," అన్నాను. ఆవిడ తగ్గించింది. "ఇంకా. ఇంకా నెమ్మదిగా. పెళ్ళికూతురు వెనక్కి చూసుకుంటూ నడిచినంత నెమ్మదిగా."

ఆవిడ చేతులు బరువుగా కదిలాయి. నాలుగు స్వరాలు వచ్చాయి. నాన్న ఆగిపోయిన చోటు. పియానో అక్కడ ఆగలేదు. ఆ మెట్టు దాటి పైకెక్కి, గట్టు మీద నిలబడి దూరంగా చూసి, ఒక్కొక్క అడుగే దిగి వచ్చింది. ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎంతమంది తల్లులు కూతురి చేతులు వదులుతుంటే నాన్న దీన్ని ఇలా దింపాడో అనుకుంటే నాకు ఏడుపు ఆగలేదు.

గ్లోరియా గారు పియానో మీంచి చేతులు తియ్యలేదు. "ఇన్నేళ్ళూ దీన్ని ఇలా వాయించి చూడాలని నాకు తట్టలేదు," అంది. "అక్కడ నవ్వారు. మీ ఊళ్ళో ఏడ్చారు. మాటలు తెలియనివాళ్ళే సరిగ్గా విన్నారు," అంది.

అప్పగింతలంటే ఏం చేస్తారో చూపించమంది. టీ కోసం బ్రెండా పంపిన పాలు బల్ల మీద ఉన్నాయి. సాసరులో పోసి, ఆవిడ చేతులు పట్టుకుని ముంచి, ఆ తడి నా అరచేతులకి రాశాను. ఇంతే, ఇక ఈ పిల్ల మీది అని చెప్పడం అన్నాను. ఆవిడ చేతులు వెనక్కి తీసుకోలేదు.

"మా అమ్మ నన్ను జమైకాలో అమ్మమ్మ దగ్గర వదిలి, నర్సు పనికి ఇక్కడికొచ్చింది. ఓడ కదిలినప్పుడు ఎవరూ ఏ పాటా వాయించలేదు," అంది.

నేను పాట రికార్డు చేసుకోవచ్చా అని అడిగాను. ఆవిడ మళ్ళీ మొత్తం వాయించింది, నెమ్మదిగా. వాయించి ఒక్క షరతు పెట్టింది. "పెళ్ళికూతురికి అంతా చెప్పండి. తెలియకుండా ఆ పిల్ల చేతిలో పెట్టొద్దు." చెప్తానని మాటిచ్చాను గానీ, రైల్లో వస్తున్నంతసేపూ భయమే. శుభమా అని పెళ్ళి చేసుకుంటున్న పిల్లకి, అమ్ముడుపోయిన పిల్ల కథ చెప్పమంటే ఎవరికి నోరొస్తుంది?

మళ్ళీ ఈస్ట్ హామ్

వంటగదిలో పద్మ బొబ్బట్లకి పూర్ణం రుబ్బుతుంటే, సింధు గోరింటాకు చేతులు చాచుకుని కూర్చుంటే, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ముఖపత్రం బొమ్మ సంగతి కూడా. తరవాత పాట వినిపించాను.

"ఆ మదర్‌కి నేమ్ ఉందా, పెద్దమ్మా?" అంది సింధు, మొదటిసారి నాతో తెలుగు కలిపి. లేదన్నాను, నెడ్ పెట్టలేదు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుందామంటే చేతులకి గోరింటాకు. భుజానికి రాసుకుంది. "దెన్ ప్లే ఇట్. స్లోగా ప్లే చెయ్యండి. ఐ డోంట్ వాంట్ ఎనీవన్ డాన్సింగ్ టు ఇట్."

పద్మ అటు తిరిగి మిక్సీ వేసింది. "దాని పెళ్ళి, దాని ఇష్టం. నేను మాత్రం ఏడవను, ముందే చెప్తన్నా," అంది ఆ చప్పుడులోనే.

ఇల్ఫర్డ్

పెళ్ళి హాలు గడువు దగ్గర పడుతోంది. ఆ తరవాత ఇంకెవరిదో పుట్టినరోజు పార్టీ ఉందని మేనేజరు గుమ్మం దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. పంతులుగారు పగలు ఆఫీసులో ప్రాజెక్టులు నడిపే మనిషి, మంత్రాలు కూడా గడువు లోపే ముగిస్తాడు. వెండి పళ్ళెంలో పాలు పోశారు. పద్మ సింధు చేతులు పట్టుకుని అందులో ముంచింది. మొహం నిండా నవ్వే. డీజే కుర్రాడు నా ఫోనుకి తీగ తగిలించాడు.

హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నవాళ్ళు మొదటి సగంలోనే ఆగారు. నేను చెల్లెలి పక్కనే నిలబడ్డాను. నాలుగు స్వరాలు పలికాయి, పాట పైకెక్కింది. పద్మ నవ్వు అలాగే ఉంది గానీ చేతులు పాలలోంచి రావడం లేదు. హేస్ నుంచి వచ్చిన వియ్యపురాలు అరచేతులు చాచుకుని నిలబడి ఉంది. "చేతులు తియ్యండమ్మా," అన్నాడు పంతులుగారు. పద్మకి వినబడలేదు.

"అక్కా," అంది, నా వైపు తిరక్కుండానే. "నీ పెళ్ళిలో నాన్న ఆపేసింది ఇక్కడేగా?"

"ఇక్కడే."

"నేను పక్కనే ఉన్నా. గడ్డం వణికింది. నేను చూశా." పాట దిగుతోంది. "నా పెళ్ళికి ఉండుంటే మొత్తం వాయించేవాడంటావా?"

అవునంటే దానికి బాగుండేది. కానీ మా నాన్న నాకు తెలుసు. పెద్దదాన్ని, చెంప పగలగొట్టి పెంచిన నా దగ్గరే సగంలో ఆగిన మనిషి, ముద్దుల కూతురి దగ్గర ఎలా వాయిస్తాడు?

"లేదే," అన్నాను. "నీ దగ్గర అసలు మొదలే పెట్టలేకపోయేవాడు."

అప్పుడు ఏడ్చింది పద్మ. ఏడుస్తూనే కూతురి చేతులు పాలలోంచి తీసి వియ్యపురాలి చేతుల్లో పెట్టింది.